సగటు వాన లెక్కలు ఇక చాలు

తొలకరి పడితే అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు పేరు పత్రికలకెక్కుతుంది. ఎర్రనేలల్లో వంగి రాళ్లు వెతికే జనం, ఎవరి చేలోనో దొరికిన వజ్రం, దానికి వ్యాపారి కట్టిన ధర అంటూ వారం పది రోజులు ఇవే కథనాలు. ఆగస్టులో అదే మండలంలో మూడు నాలుగు వారాలు చినుకు రాలకపోతే దానికి అంత చోటు దక్కదు. కానీ ఈ పీఠభూమిలో ఏ ఇంట్లో పొయ్యి వెలుగుతుందో, ఏ ఇంటికి తాళం పడుతుందో తేల్చేది ఆ మూడు నాలుగు వారాలే. వాతావరణ శాస్త్రం ఈ సంగతి ఎప్పుడో చెప్పింది. ప్రభుత్వాల లెక్కల్లోకి అది ఇంకా సరిగా చేరలేదు.

వేరుశనగ నేల పైన పూసి, నేల లోపల కాస్తుంది. విత్తిన నెలకు పసుపు పూలు వస్తాయి. తర్వాత సన్నని ఊడలు కిందికి దిగి, మట్టిని తొలుచుకుని లోపలికి పోయి కాయలవుతాయి. ఊడలు దిగే దశలో, కాయ ఊరే దశలో నేలలో పదును ఉండి తీరాలి. అప్పుడు బెట్ట వచ్చి ఎర్రనేల పైపొర గట్టిపడితే ఊడ లోపలికి పోలేక ఎండిపోతుంది. దూరం నుంచి చూసేవాళ్లకు చేను పచ్చగానే కనిపిస్తుంది. మొక్కను పీకి చూస్తే ఉత్త ఊడలు వేలాడుతుంటాయి, కాయలు రెండో మూడో ఉంటాయి. సెప్టెంబరు ఆఖరులో కుండపోత కురిసి జిల్లా వర్షపాతం పట్టిక నిండుగా కనిపించినా పోయిన కాయ తిరిగి రాదు. ‘సాధారణ వర్షపాతం’ అని కాగితం మీద రాసుకున్న ఏడాదిలోనే రైతు నిలువునా మునిగిపోయేది ఇలాగే.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. పడమటి కనుమల వెనుక ఉండడం వల్ల నైరుతి మేఘాలు ఇక్కడికి వచ్చేసరికే చాలావరకు ఖాళీ అవుతాయి. తూర్పు తీరాన్ని తడిపే ఈశాన్య రుతుపవనం కూడా ఇంత దూరం బలంగా రాదు. కాబట్టి ఇక్కడి కరువంతా వాతావరణ మార్పు తెచ్చిపెట్టిందే అనడం అబద్ధమవుతుంది. 1876–78 నాటి మహాకరువులో, ఈ ప్రాంతం కూడా భాగమైన దత్తమండలాలు శవాల దిబ్బలయ్యాయి. అప్పుడు కూడా జనాన్ని చంపింది వాన లేకపోవడం ఒక్కటే కాదు. ఆకలితో ఉన్న దేశం నుంచి ధాన్యం ఎగుమతి సాగుతూనే ఉంది. రోజంతా పనిచేసిన కూలీకి దాదాపు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. కరువు తీవ్రత ఎంతన్నది ఆకాశంతో పాటు పాలకుడి కలం కూడా తేలుస్తుందని ఈ నేలకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు మారింది వాన తీరు. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో భారత వాతావరణ మార్పుపై వెలువరించిన నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1951–80తో పోలిస్తే 1981–2011లో నైరుతి కాలపు బెట్టలు 27 శాతం ఎక్కువ తరచుగా వచ్చాయి. దీనికి కారణం అర్థం కానిదేమీ కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. ఆ తేమను దాచిదాచి ఒక్కసారి కుమ్మరిస్తుంది. వాన పడే రోజులు తగ్గుతాయి, పడిన రోజున వరదవుతుంది. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. కరువు జిల్లాలో పడవలెందుకని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. బెట్టను, వరదను వేరువేరు సంగతులుగా చూడడం వల్ల వచ్చిన ఆశ్చర్యం అది.

మరి విధానం సంగతేమిటి? కేంద్రం 2016లో తెచ్చిన కరువు మార్గదర్శకాలు బెట్టను గుర్తించాయి. వరుసగా మూడు నాలుగు వారాలు వాన బాగా తగ్గితే దాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నాయి. అంతవరకు బాగుంది. ఆ తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తేమ, జలాశయాల్లో నీరు వంటి సూచికల్లో చాలావాటిని దాటాలి. ఎంపిక చేసిన గ్రామాల్లో పొలాలు తిరిగి చూడాలి. చివరకు అది ‘తీవ్ర’ కరువని తేలితేనే జాతీయ విపత్తు నిధి తలుపు తెరుచుకుంటుంది. ఉత్త ఊడలతో పచ్చగా నిలబడిన వేరుశనగ చేను ఉపగ్రహానికి ఎలా కనిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

అన్నీ దాటుకుని వచ్చినా చేతికందేదెంత? 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం వర్షాధార పంట 33 శాతం, అంతకు మించి దెబ్బతింటే హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరాకు లెక్కేస్తే దాదాపు 3,400. ఎకరా వేరుశనగకు విత్తన కాయలు కొనడానికే ఈ డబ్బు చాలదు. దుక్కి, ఎరువు, కలుపు కూలి, అప్పు మీద వడ్డీ రైతు నెత్తినే ఉంటాయి.

ఈ 3,400 కూడా ఎవరి ఖాతాలో పడుతుందన్నది ఇంకా చేదైన ప్రశ్న. కౌలుకు చేసేవాడు అప్పు తెచ్చి విత్తుతాడు, నష్టపోతాడు. పాసుపుస్తకం మాత్రం గుంతకల్లులోనో బెంగళూరులోనో ఉన్న యజమాని పేరున ఉంటుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కౌలు రైతుకు పదకొండు నెలల కార్డు ఇస్తానంది, కానీ భూయజమాని సంతకం పెడితేనే అంది. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో యజమాని సంతకం పెట్టడు. ఆ కార్డు లేకపోతే బ్యాంకు అప్పు, బీమా, పరిహారం ఏవీ అందవు. అప్పుల పాలై ప్రాణం తీసుకున్న మనిషి రైతేనని నిరూపించడానికి ఆ కుటుంబం కార్యాలయాల చుట్టూ తిరగాలి. వాతావరణ మార్పు అందరికీ ఒకటేనని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ కుటుంబాల ముందు నిలబడి ఆ మాట అనలేరు.

బీమా కూడా ఇలాంటిదే. ఈ జిల్లాలో వేరుశనగకు వాతావరణ ఆధారిత బీమాను ఏళ్ల తరబడి నడిపారు. చేను ఎండిందా లేదా అన్నది అందులో చూడరు, వాతావరణ కేంద్రంలోని వర్షమాపకం ఏం చెప్పిందన్నదే చూస్తారు. ఈ పీఠభూమిలో ఒక ఊరి మీద పడిన వాన పక్క ఊరి పొలిమేర దాటదు. మాపకం ఉన్నచోట ఒక జల్లు పడితే ఏడెనిమిది కిలోమీటర్ల అవతల ఎండిన చేనికి పరిహారం పోయినట్టే. ఈ లోపం బీమా సంస్థలకూ తెలుసు, అధికారులకూ తెలుసు. సరిచేయడానికి ఖర్చవుతుంది కాబట్టి వాయిదా పడుతూ వచ్చింది.

ఇక పంటను కాపాడే ప్రయత్నాలు. 2016 ఆగస్టులో చేలు వాడుతుంటే ప్రభుత్వం రెయిన్ గన్లను దించింది. ముఖ్యమంత్రి స్వయంగా జిల్లాలో మకాం వేశారు. అధికారులు రాత్రింబవళ్లు పనిచేసిన మాట నిజం. కానీ లక్షల హెక్టార్ల ఎండు నేలకు కొద్ది రోజుల్లో రక్షక తడి ఇవ్వాలంటే గన్లుంటే సరిపోదు, వాటికి నీళ్లుండాలి. పంట కుంటలు ఎండాకాలంలోనే తవ్వి, తొలి వానలకే నింపుకుని, బెట్ట నాటికి సిద్ధంగా ఉంచుకోవాలి. ఆపద ముంచుకొచ్చాక యంత్రాలతో పరుగెత్తడం ఫొటోలకు బాగుంటుంది, చేనికి అంతగా పనికిరాదు.

నీళ్లు అసలే లేవా అంటే ఉన్నాయి. హంద్రీ–నీవా కాలువ వజ్రకరూరు మండలం మీదుగానే పోతోంది. రాగులపాడు పంప్‌హౌస్ ఈ మండలంలోనిదే. శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోసిన కృష్ణమ్మ 2012లో జీడిపల్లి జలాశయాన్ని చేరింది. 40 టీఎంసీలతో 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది ఆ పథకం లక్ష్యం. 2025లో ప్రధాన కాలువను వెడల్పు చేశారు, సంతోషమే. అయితే కాలువ గట్టు మీద నిలబడితే నీళ్లు కనిపించే ఊళ్లలో కూడా పంట పొలానికి నీరు తెచ్చే పిల్ల కాలువలు ఏళ్ల తరబడి పూర్తి కాలేదు. మోటార్లు, పైపులు పెట్టుకోగలిగినవాళ్లు కాలువ నుంచి తోడుకుంటున్నారు. అంత స్తోమత లేనివాడు మరో బోరు వేసి, అది ఎండితే అప్పు మిగుల్చుకుంటున్నాడు. ప్రధాన కాలువ ఎంత వెడల్పయినా పిల్ల కాలువ లేకపోతే ఉన్నవాడికే మేలు జరుగుతుంది.

ఇదే పీఠభూమి మీద గాలిమరలు తిరుగుతున్నాయి. 1990ల్లో రామగిరి కొండల మీద మొదలైన పవన విద్యుత్తు ఉరవకొండ, వజ్రకరూరు చేల దాకా వచ్చింది. అటు నంబులపూలకుంటలో భారీ సౌర పార్కు వెలిసింది. బొగ్గు మానాలంటే ఇవి కావాలి, ఇందులో రెండో మాట లేదు. కానీ ఎవరి నేల మీద, ఎవరి ఖర్చుతో అన్నది అడగాలి. భూమి సొమ్ము యజమానికి చేరుతుంది, ఆ భూమిని కౌలుకు దున్నినవాడు రోడ్డున పడతాడు. చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి గుట్టలను ఊరి జనం ఏళ్లపాటు కాపాడి అడవిగా మలిస్తే, అక్కడే మరల కోసం కొండలు తవ్వి రోడ్లు వేశారు. గొర్రెల కాపరుల మేత భూములు రెవెన్యూ రికార్డుల్లో ‘బంజరు’ కావడమే అందుకు వీలు కల్పించింది. ఇక్కడి గాలి నగరాల ఏసీలను నడుపుతున్నప్పుడు ఆ ఆదాయంలో ఒక వాటా ఈ పంచాయతీలకు ఏటా హక్కుగా రావాలి. ఒక బడికి రంగులు వేసి, ఒక నీటి ట్యాంకు కట్టించి సరిపెట్టడాన్ని అంగీకరించకూడదు.

ఇంతకీ వాతావరణాన్ని వేడెక్కిస్తున్నది ఎవరు? భారతీయుడి తలసరి బొగ్గుపులుసు వాయువు ఉద్గారం ఏడాదికి 2 టన్నుల దగ్గర ఉంది. అమెరికా పౌరుడిది దానికి ఏడు రెట్లు. వజ్రకరూరు కూలీది భారత సగటులో కూడా కొద్దిపాటే. నష్టపోయిన పేద దేశాలకు పరిహార నిధి కావాలని ప్రపంచ వేదికల మీద మన ప్రతినిధులు గట్టిగా వాదించారు. 2022లో షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సులో అలాంటి నిధికి ఒప్పందం కుదిరింది. ఆ వాదన న్యాయమైనదే. అదే న్యాయాన్ని ఢిల్లీ, అమరావతి తమ పరిధిలోనూ పాటించాలి. నష్టానికి కారణం కానివాడికి నష్టపరిహారం అందాలన్న సూత్రం దేశాల సరిహద్దు దగ్గర ఆగిపోకూడదు.

పంట మార్చుకోవచ్చు కదా అంటారు. ఇది కొర్ర, సజ్జ, జొన్న పండిన నేలే. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచే పద్ధతిని ప్రకృతి సేద్యం కార్యక్రమం జిల్లాలో చాలా పొలాల్లోకి తెచ్చింది, దాన్ని పెంచాలి. అయితే రైతు వేరుశనగను వదలకపోవడం మొండితనం వల్ల కాదు. అది సంతలో అమ్ముడవుతుంది, కట్టె పశువుకు మేతవుతుంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి, కొర్ర లేదు. కొనే దిక్కులేని పంట వేయమని సలహా ఇవ్వడానికి ఎవరికీ నైతిక హక్కు లేదు.

భూమి లేనివాళ్ల సంగతి మరీ అన్యాయం. ఉపాధి హామీ దేశంలో మొదలైంది ఈ జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చింది. పనిదినాలను 100 నుంచి 125కు పెంచింది. ఖర్చులో 40 శాతాన్ని చాలా రాష్ట్రాల మీద వేసింది. విత్తు, కోత కాలాల్లో మొత్తం 60 రోజులు పనులు ఆపడానికి వీలు కల్పించింది. డెల్టాలో ఆ నిబంధనకు అర్థముందేమో. వాన రాని జులైలో వజ్రకరూరులో విత్తు పనీ ఉండదు, ఉపాధి పనీ ఉండదు. అప్పుడు మిగిలేది బెంగళూరు బండి ఒక్కటే. ముసలివాళ్లను, బడి పిల్లలను ఊళ్లో వదిలి వెళ్లిపోయే ఆ ప్రయాణాన్ని ‘వలస’ అన్న మాటతో దాటేయడం ప్రభుత్వాలకు అలవాటైంది.

రాష్ట్ర ప్రభుత్వం వచ్చే ఖరీఫ్‌కు ముందే కొన్ని నిర్ణయాలు తీసుకోవాలి. ప్రతి రైతు సేవా కేంద్రం పరిధిలో వర్షమాపకం పెట్టి, ఊడలు దిగే దశలో మూడు వారాలు వాన లేకపోతే ఉపగ్రహ చిత్రం కోసం చూడకుండా మొదటి విడత పరిహారం చెల్లించాలి. ఈ-పంట అనే పంట నమోదు వ్యవస్థలో సాగుదారుగా ఉన్న పేరుకే ఆ డబ్బు వెళ్లాలి. యజమాని సంతకం షరతును చట్టం నుంచి తీసేయాలి. బెట్ట తగిలిన మండలాలకు ఉపాధి పనుల 60 రోజుల విరామం వర్తించదని ముందుగానే ఉత్తర్వు ఇవ్వాలి. హంద్రీ–నీవా పిల్ల కాలువలకు గడువు పెట్టి బడ్జెట్‌లో డబ్బు చూపించాలి. కరువు ప్రకటన సెప్టెంబరు దాటకూడదు. ఊరు వదలాలా వద్దా అని కూలీ కుటుంబాలు తేల్చుకునేది ఆ నెలలోనే. అక్టోబరు ఆఖరున వచ్చే జీవో వాళ్ల ఇంటి తలుపుకు వేసిన తాళం తీయించలేదు.