నొప్పి లేదుగా!

పిల్లల పంటి మీద చిన్న నల్లచుక్క కనిపిస్తే ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. మా ఆయన బండి సర్వీసింగుకి తేదీ తప్పదు. మన దవడ పన్ను సంగతి వచ్చేసరికి మాత్రం ఒకటే మాట, "నొప్పి లేదుగా, తర్వాత చూద్దాంలే". ఆడవాళ్ళ పళ్ళు ఊడగొట్టేది తీపి ఒక్కటే కాదు, ఈ మాట కూడా అంటాను నేను.

మా అమ్మ అలాగే నెట్టుకొచ్చింది. దవడన లవంగం పెట్టుకునేది, ఉప్పునీళ్ళు పుక్కిలించేది, తగ్గగానే "పోయిందిలే" అనేది. పోయింది నొప్పి, పుచ్చు కాదు. ఒక్కో పన్నూ పీకించుకుంటూ యాభై అయిదేళ్ళకే జంతికలు, చెరుకుముక్కలు, వేయించిన వేరుశెనగలు మానేసింది. సంక్రాంతికి డబ్బాల నిండా అందరికీ వండిపెట్టి, తను చారన్నం మెత్తగా పిసుక్కుని తినేది. ఇంట్లో ఎవరికీ అది ఒక లోటుగా కనిపించలేదు.

పంటి పైపొర ఎనామిల్. దానికి నరం ఉండదు కాబట్టి, పుచ్చు అక్కడ మొదలైనప్పుడు మనకేమీ తెలియదు. దాని కింద పొర చేరాక చల్లనీళ్ళకీ తీపికీ జివ్వుమంటుంది. రాత్రి నిద్రపోనివ్వకుండా పీకుతోందంటే మామూలుగా నరం దాకా వెళ్ళిందనే అర్థం. అంటే నొప్పి వచ్చేదాకా ఆగడమంటే చిన్న ఫిల్లింగుతో పోయేదాన్ని రూట్ కెనాల్ దాకా పెంచుకోవడమే. గోటితో పోయేదానికి గొడ్డలి!

అద్దంలో చూసుకుంటే ఏమీ లేదు కదా అంటారు. రెండు పళ్ళు ఒకదానికొకటి తగిలే చోట పుచ్చితే మన అద్దానికేం తెలుస్తుంది? అది ఎక్స్‌రేలో బయటపడాల్సిందే. నల్లగా ఉన్నదంతా పుచ్చు అనుకోవడమూ పొరపాటే. టీ మరకలుంటాయి. నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలుంటాయి. మరక వేరు, పుచ్చు వేరు. అందుకే మంచి డాక్టరు ముందు పన్ను తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టి, లైటు కింద చూస్తారు. తడి ఆరాక సున్నం అద్దినట్టు తెల్లమచ్చ తేలితే అది తొలిదశ కావచ్చు. పైపొర ఇంకా చిల్లుపడకపోతే ఫ్లోరైడ్ పూతతో, శుభ్రంగా తోముకోవడంతో, మాటిమాటికీ తీపి నోట్లో వేసుకోవడం మానడంతో చాలావరకు అక్కడే ఆపొచ్చు. డ్రిల్లుతో పనే లేదు. (పిల్లలు వదిలేసిన సగం బిస్కెట్లు పారేయలేక మన నోట్లో వేసుకోవడం ఈ లెక్కలోకే వస్తుంది.)

మా చెల్లెలికి ఒక క్లినిక్‌లో ఒకేసారి ఆరు ఫిల్లింగులన్నారు. ఇంకోచోట ఎక్స్‌రే చూసి రెండు చాలన్నారు. వంకాయ కొనేటప్పుడు తిప్పి తిప్పి పుచ్చు చూసే మనం ఆ కుర్చీలో కూర్చోగానే మూగవాళ్ళమైపోతే ఎలా? ఎక్స్‌రే చూపించండి, ఎంత లోతుంది, ఇప్పుడే తొలచాలా, కొన్నాళ్ళు చూడొచ్చా అని అడగాలి. అడిగితే విసుక్కునే డాక్టరైతే మార్చేయండి.

తొలవడమంటే పన్ను సగం అరగదీస్తారన్న భయం పాతకాలం నాటిది. అందులో కొంత నిజం లేకపోలేదు. అమెరికాలో జి.వి. బ్లాక్ అనే దంతవైద్యుడు 1908లో రాసిన పుస్తకం పద్ధతే చాలాకాలం నడిచింది. వెండి ఫిల్లింగు పంటికి అతుక్కోదు. ఊడకుండా ఉండాలంటే గుంతని లోతుగా, ఒక ఆకారంలో చెక్కాలి. మళ్ళీ పుచ్చకూడదని పక్కన ఉన్న మంచి భాగం కూడా కొంత తీసేవారు. ఇప్పుడు పంటి రంగు ఫిల్లింగుకి ఆ అవసరం తగ్గింది. మెత్తబడిన భాగం గీకేసి, ఆసిడ్ జెల్ రాసి కడిగి, జిగురులాంటిది పూసి, నింపి, నీలం లైటుతో గట్టిపరుస్తారు. పుచ్చు మేరకు కోసేసి మిగతా వంకాయ కూరలో వేసుకోమూ, అలాంటిదే. మరీ నరం దగ్గరగా ఉంటే అడుగున కాస్త మెత్తని భాగం వదిలి, చుట్టూ అంచులు శుభ్రం చేసి గట్టిగా మూసేయడమూ ఉంది.

పోయిన ఏడాది నాకూ ఒకటి చేశారు. శబ్దమే గానీ నొప్పి లేదు. డ్రిల్లు వేడెక్కకుండా నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. ఆపాలనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తమని ముందే చెప్పారు, ఒకసారి ఎత్తాను, ఆపారు కూడా.

ఒకటే జాగ్రత్త. మత్తు దిగేదాకా పెదవి కొరుక్కున్నా, వేడి టీకి కాలినా తెలియదు. కాబట్టి ఆ రెండు మూడు గంటలూ తినకండి, ఉప్పు చూడ్డానికి కూర నోట్లో వేసుకోకండి. ఆ పూట వంట ఇంకెవరైనా చూసుకుంటారు.