ఆఖరి వంద మీటర్లు

ఏటా వినాయక చవితినాడు చేతిలో అక్షింతలు పట్టుకుని వినే కథలో ఒక పందెం ఉంది. ముల్లోకాల్లోని నదులన్నింటిలో మునిగి ముందుగా తిరిగొచ్చినవాడికే విఘ్నాధిపత్యం. కుమారస్వామి నెమలెక్కి రివ్వున వెళ్లిపోయాడు. బొజ్జ గణపయ్య అమ్మానాన్నల చుట్టూ ప్రదక్షిణం చేశాడు. తమ్ముడు ఏ నదికి వెళ్లినా అన్న అప్పటికే స్నానం ముగించుకుని ఎదురొస్తున్నాడు! శివుడు ఒప్పుకున్నాడు గానీ, జిల్లా పరిషత్ హైస్కూలు డ్రిల్లు మాస్టారైతే ఒప్పుకునేవారు కాదు. ‘గీత దాటావు, పక్కకు రా’ అనేవారు.

తాలూకాలు పోయి మండలాలు వచ్చిన కొత్తలో మాది హైస్కూలు చదువు. జనవరి వస్తే గ్రౌండు తెల్లబడేది. డ్రిల్లు మాస్టారు నడిమధ్యన మేకు దిగ్గొట్టి, దానికి తాడు కట్టి, రెండో కొస పట్టుకున్న కుర్రాణ్ణి గుండ్రంగా నడిపిస్తూ, వెనకాలే డబ్బాతో సున్నం పోసుకుంటూ వచ్చేవారు. అంతకుముందే పిల్లలందరం వరస కట్టి పల్లేరు కాయలు ఏరేవాళ్లం. ఎవరి కాళ్లకూ బూట్లు ఉండేవి కావు కాబట్టి ఆ పని మాత్రం ఎవరూ ఎగ్గొట్టేవాళ్లు కాదు.

వంద మీటర్ల పరుగులో పేచీ లేదు. నాలుగు వందల మీటర్ల దగ్గరే వచ్చేది. ‘వాణ్ణి అంత ముందు నిలబెట్టారేంటి సార్’ అని లోపలి గీతవాడు ఏడుపు ముఖం పెట్టేవాడు. వంపు తిరిగే చోట బయటి గీత పొడవెక్కువ. 1.22 మీటర్ల వెడల్పు గీతలుండే అసలైన ట్రాకు మీద ఒక్క చుట్టుకే గీతకూ గీతకూ ఏడు మీటర్లకు పైగా తేడా పడుతుంది. అందుకే బయటివాళ్లను ఆ మేరకు ముందుకు జరుపుతారు. లెక్కల క్లాసులో బట్టీ పట్టిన రెండు పై ఆర్ ఎందుకు పనికొస్తుందో మాకు తెలిసింది అక్కడే.

ముగింపు దగ్గర ఇద్దరు అమ్మాయిలు నూలుదారం పట్టుకుని నిలబడేవారు. పక్కనే ముగ్గురు మాస్టార్లు. ‘ఫస్టువాణ్ణి నేను పట్టుకుంటా, సెకండు మీరు, థర్డు తెలుగు మాస్టారు’ అని ముందే పంచుకునేవారు. దారం తెగగానే ఎవరి మనిషిని వారు రెక్క పుచ్చుకుని ఆపేసేవారు. ఎవరి చెయ్యీ భుజం మీద పడలేదంటే నాలుగో స్థానమో ఆ తరవాతో అన్నమాట. అంతకు మించిన ప్రకటన అక్కర్లేదు.

నా భుజం మీద పడితే తెలుగు మాస్టారి చెయ్యే పడేది. చాలాసార్లు అదీ పడేది కాదు. నాలుగు వందల మీటర్లు మొదటినుంచి చివరిదాకా పూర్తి వేగంతో పరుగెత్తడం ప్రపంచ విజేతలకే సాధ్యం కాదు. కండరాలు అడిగినంత ఆక్సిజన్ అందదు. ఆఖరి వంద మీటర్లలో అందరి వేగమూ తగ్గుతుంది. తక్కువ తగ్గినవాడు గెలుస్తాడు. ‘మొదటి మలుపులోనే అంతా ఖర్చుపెట్టకండ్రా’ అని మాస్టారు మొత్తుకునేవారు. పద్నాలుగేళ్లవాడికి పొదుపు గురించి చెబితే ఎక్కుతుందా? ఈల వినపడగానే ఒళ్లు తెలియని పరుగు. సగం దాటాక తొడలు బండబారేవి, గొంతులో ఇనుప రుచి తగిలేది, చుట్టూ కేకలు ఎక్కడో దూరాన వినిపించేవి. అప్పుడు పక్కనుంచి, ఊపిరి చప్పుడైనా మారకుండా, పొరుగూరి కుర్రాడు దాటిపోయేవాడు.

అతని ఊళ్లో హైస్కూలు లేదు. పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసి, బెల్లు కొట్టే వేళకు అందుకోవాలని పుస్తకాల సంచి చంకన పెట్టుకుని చేలగట్ల వెంట పరుగెత్తుకొచ్చేవాడు. మేం ఏడాదికోసారి పోటీ పడేవాళ్లం, అతను రోజూ సాధన చేసేవాడు. అది సాధన అని అతనికీ తెలియదు. పందెం అయ్యాక గ్లూకోజు పొడి ముందు అతని అరచేతిలో పోసేవారు. సగం నా చేతిలో ఒంపేవాడు. ఇద్దరం నాకేవాళ్లం. అతనికి బహుమతిగా వచ్చిన స్టీలు గ్లాసు చూస్తే కుళ్లు పుట్టాల్సింది, పుట్టలేదు. లెక్కల్లో రెండు మార్కులు తగ్గితే మాత్రం రాత్రంతా నిద్రపట్టేది కాదు.

ఎందుకంటే మార్కులు ఎక్కడో, ఎవరో, మూసిన తలుపుల వెనక వేస్తారు. పరుగు అందరి కళ్లముందే జరిగిపోతుంది. సర్పంచిగారి అబ్బాయైనా ఆ సున్నం గీత వెనకే నిలబడాలి. ఓడినవాడికి తాను ఎందుకు ఓడాడో అందరికన్నా ముందు, తన కాళ్లలోనే తెలిసిపోతుంది. సాకు ఉండదు, అనుమానం ఉండదు, కాబట్టి కక్ష కూడా ఉండదు. ఇప్పటి కార్పొరేట్ బడి పిల్లలకు వారం వారం ర్యాంకులు గోడకెక్కుతాయి. వాళ్లు మాకంటే ఎక్కువసార్లే ఓడుతున్నారు. ఓడినవాడూ గెలిచినవాడూ గ్లూకోజు పంచుకునే చోటు మాత్రం వాళ్లకు లేదు.

నాలుగో స్థానం మన దేశానికి బాగా తెలిసిన చోటే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ ఇదే నాలుగు వందల మీటర్లలో నాలుగోవాడు. 1984 లాస్‌ ఏంజిలెస్‌లో పీటీ ఉష నాలుగు వందల మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించింది. కంచు పతకం 55.41కి పోయింది. పతకం రాకపోతేనేం, ఆ తరవాత ఏ బడిలో ఏ అమ్మాయి కాస్త వేగంగా పరుగెత్తినా ‘పెద్ద పీటీ ఉషవి’ అనడం మన ఇళ్లలో వాడుకైపోయింది. వెక్కిరింతగా అన్నా అందులో కొంత మురిపెం ఉండేది.

ఆ మురిపెం వృథా పోలేదు. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి పొడవు చూసి హర్డిల్స్‌కు పనికొస్తుందన్నది బడిలోని వ్యాయామోపాధ్యాయుడే. 2023లో బ్యాంకాక్‌లో ఆమె వంద మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా విజేత అయింది. వరంగల్ జిల్లా కల్లెడలో కూలీల బిడ్డ, మానసిక ఎదుగుదల లోపం ఉందని ఊరు ఎగతాళి చేసిన జీవాంజి దీప్తి పరుగును మొదట గుర్తించిందీ బడి పీఈటీయే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఆమె నాలుగు వందల మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. ఈ ఇద్దరినీ మొదట కనిపెట్టింది అకాడమీలు కావు, బడి గ్రౌండులో ఈల మెడలో వేసుకుని తిరిగే మనిషి.

ఆ మనిషికి గ్రౌండు కావాలి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. అపార్ట్‌మెంట్లలో నడిచే బడులకు అది ఏ అంతస్తులో ఉందో తనిఖీకి వెళ్లే అధికారులే చెప్పాలి. స్థలం ఉన్నచోటా పదో తరగతి వచ్చేసరికి డ్రిల్లు పీరియడ్ లెక్కలకో సైన్సుకో ధారాదత్తం అయిపోతుంది.

ప్రధానోపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ ఏడాదైనా ఆ ఒక్క పీరియడ్ లెక్కల మాస్టారు అడిగినా ఇవ్వకండి. డ్రిల్లు మాస్టారికే వదిలేయండి.