ద్వారమున మ్రోగు గంట

ఇటీవల నొక వస్త్రశాలలో, మనుమరాలి పెండ్లికి చీర కొని వెడలుచున్న వృద్ధురాలిని ద్వారమున గంట మ్రోగి నిలిపినది. కావలివాడు అందరి యెదుట సంచి విప్పించెను. రసీదు ఆమె కొంగున ముడివేసియే యున్నది; అడిగినవారు లేరు.

చౌర్యమును వారించు నీ యంత్రము 1960వ దశాబ్దమున అమెరికాలో పుట్టినది. నేడు మన పట్టణముల పెద్ద యంగళ్ళలో సామాన్యమైనది. మిక్కిలి వాడుకలోనున్న యొక విధమున, సరకునకంటించిన చీటీలో సన్నని తీగచుట్టయు, విద్యుత్తును నిలుపు పొరయు నుండును. ద్వారస్తంభములు సెకనునకు ఇంచుమించు 82 లక్షల మారులు కంపించు రేడియో తరంగములను వెలువరింపగా, చీటీ యందుకు స్పందించును, గంట మ్రోగును. వెల పుచ్చుకొన్న గుమాస్తా చీటీని బల్లపై నుంచి దాని శక్తిని చెరుపవలెను. అతడు మరచెనా, కొన్నవాడు దొంగయగును! చీటీ చెడలేదని మాత్రమే గంట చెప్పగలదు. వెల ముట్టినదో లేదో దానికేమి యెరుక?

భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారము దురుద్దేశము లేనిదే చౌర్యము లేదు. అక్రమ నిర్బంధమో, 127వ సెక్షను క్రింద తానే యొక నేరము. ఈ రెండవ సెక్షనును కావలివానికి చదివి వినిపించిన యజమాను లెందరు?

వర్తకుని నష్టము నిజమే; యంత్రమును తీసివేయుమని మేము కోరము. గంట మ్రోగినపుడు మొదట పిలువవలసినది గుమాస్తాను. చూడవలసినది రసీదును. అదియు పదుగురి నడుమ గాక, ప్రక్కగదిలో, కూర్చుండబెట్టి.