గ్రంథాలయమే ముందుగా హెచ్చరించాలి

1856 ఈస్టర్ సెలవులలో, లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీ విద్యార్థి విలియం హెన్రీ పెర్కిన్ తన ఇంటి ప్రయోగశాలలో క్వినైన్ చేయబోయి, బట్టలకు అద్దే ఊదారంగును కనుగొన్నాడు. అప్పటికతని వయస్సు 18 ఏళ్లు. ఆ ఆగస్టులోనే బ్రిటిష్ పేటెంటుకు దరఖాస్తు చేసి, మరుసటి ఏడు గ్రీన్‌ఫర్డ్‌లో కర్మాగారం నెలకొల్పాడు. అయితే దరఖాస్తు తేదీ విషయమై జరిగిన పొరపాటువల్ల ఫ్రాన్సులో పేటెంట్ దక్కలేదు. అక్కడివారు ఆ రంగును యథేచ్ఛగా తయారుచేసికొన్నారు. రసాయనశాస్త్రం ఎంత తెలిసినా తేదీల లెక్క తెలియకపోతే నష్టమేనని ఈ ఉదంతం చాటుతున్నది.

నేటి విద్యార్థికీ ఆ ప్రమాదం తప్పలేదు. బ్రిటన్‌లోని 1977 నాటి పేటెంట్ చట్టం ప్రకారం, స్వల్పమైన మినహాయింపులు తప్ప, దరఖాస్తుకు ముందే బహిరంగమైన విషయానికి నూతనత్వం ఉండదు. అమెరికాలో పరిశోధకునికి లభించే ఏడాది వెసులుబాటు ఇక్కడ లేదు. సదస్సులో చేసిన ప్రసంగమైనా, గ్రంథాలయంలో అందరికీ అందుబాటులో ఉంచిన సిద్ధాంత వ్యాసమైనా బహిరంగమైనట్లే. జ్ఞానాన్ని పంచిపెట్టవలసిన గ్రంథాలయమే, తెలియకుండా, విద్యార్థి హక్కుకు గండి కొట్టవచ్చును.

కనుక విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు యువ వ్యాపారులకు చేయదగిన మేలు కొత్త బల్లలు, కుర్చీలు వేయించడం కాదు. వ్యాసం స్వీకరించేటప్పుడు, “ఇందులో పేటెంట్ పొందదగినది ఉన్నదా?” అని అడగాలి. ఉన్నదంటే, దరఖాస్తు దాఖలయ్యేవరకు దానిని బయటపెట్టకుండా ఆపాలి. జ్ఞానాన్ని దాచడం తగదని కొందరనవచ్చు. కాని పేటెంట్ దరఖాస్తు సాధారణంగా 18 నెలలకు తానే ప్రచురితమవుతుంది. ఇది దాపరికం కాదు, క్రమపాలన మాత్రమే.

పాత పేటెంట్లను వెదకడం నేర్పడం రెండవ కర్తవ్యం. లండన్‌లో పేటెంట్ కార్యాలయ గ్రంథాలయం 1855లోనే ప్రజలకు తలుపులు తెరచింది. ఆ సంపద తరువాత బ్రిటిష్ లైబ్రరీకి చేరగా, అక్కడ 2006లో వ్యాపార, మేధోసంపత్తి కేంద్రం వెలసింది. ఐరోపా పేటెంట్ కార్యాలయంవారి ఎస్పాస్‌నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెదకవచ్చు. కళాశాల చందా కట్టిన సమాచార నిధులు మాత్రం చాలావరకు చదువుకే పరిమితం. వ్యాపారానికి వాడితే ఒప్పందం మీరినట్లవుతుంది. ఈ తేడాను విద్యార్థికి ముందే విడమరచి చెప్పవలసినవాడు గ్రంథపాలకుడే.

ఊరూరా గ్రంథాలయోద్యమం నడిపిన తెలుగువారికి పుస్తకం విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఇక్కడి తల్లిదండ్రులు బిడ్డ పరిశోధన ముగియవస్తున్నదని విన్నప్పుడు, పట్టా ఎప్పుడని అడిగే ముందు, గ్రంథపాలకుని కలిశావా అని అడగడం మేలు.