ఆపకూడని వేగాలు, ఆపవలసిన వేగాలు

సెల్‌ఫోనులో ఆడే పోటీలను పిల్లలచేత పూర్తిగా మాన్పించాలని తల్లిదండ్రులు అంటూ ఉంటారు. నేను ఏకీభవించను. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటలకు పతకాలే ఇచ్చారు. డబ్బు ఒడ్డి ఆడేవాటి మాట వేరు. వాటిని మన దేశంలో 2025 నాటి చట్టమే నిషేధించింది.

నా అభ్యంతరం ఆటపై కాదు, ఆడే తీరుపై. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన పదమూడు వేగాలను ఆపరాదనీ, లోభం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలను ఆపుకోవాలనీ చరకుడు చెప్పాడు. పోటీ ముగిసేవరకు కదలని పిల్లవాడు దీనిని సరిగ్గా తలక్రిందులు చేస్తున్నాడు. మూత్రాన్ని బిగబట్టి, జట్టులోని తోటివానిపై కోపాన్ని వదలుతున్నాడు! ఆ తరువాతి తలనొప్పికీ, మలబద్ధకానికీ ఓటమిని నిందించి ప్రయోజనమేమి?

రాత్రి జాగరణ వాతాన్ని ప్రకోపింపజేస్తుంది. పోటీ వల్ల ఏనాడైనా నిద్ర చెడితే, మేల్కొన్న కాలంలో సగం మరునాటి ఉదయం ఏమీ తినకముందే నిద్రించవచ్చునని వాగ్భటుడు వెసులుబాటు ఇచ్చాడు. అలవాటు లేని జాగరణకే సుమా, నిత్యజాగరణకు కాదు! పడుకొనేముందు అరికాళ్లకు నువ్వులనూనె మర్దించండి.

చదువు, తిండి, స్నేహాలు చెడుతున్నా నెలల తరబడి ఆటను ఆపలేకపోతే అది రోగమే. 2022 నుండి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దానికి స్థానముంది. అప్పుడు నూనెలతో, కషాయాలతో కాలయాపన చేయక మానసిక వైద్యునికి చూపించండి.