ఆ ఆటకు ఒక పేరుంది

హాస్టళ్ల వార్షికోత్సవాల్లో తరచూ "ఇప్పుడు గిరిజన నృత్యం" అని మైకులో వినిపిస్తుంది. ఒంటికి మసి, నడుముకు వేపమండలు, చేతిలో బల్లెం, నోట అర్థంలేని కేకలు. ఈలలు మోగుతాయి. అది ఏ గిరిజనుల ఆట? ఏ ఊరిది? ఎవరిదీ కాదు. సినిమాల్లోంచి దిగుమతైన వేషం.

నిజమైన ఆటలకు పేర్లున్నాయి. అరకు లోయలో ధింసా ఉంది. స్త్రీలు వెనుకగా చేతులు పెనవేసుకుని, తుడుము మోతకు వలయంగా కదులుతారు. ఆకులు ఏరడం, పులి ఎదురుపడడం ఆ అడుగుల్లో కనిపిస్తాయి. ఆదిలాబాద్ అడవుల్లో రాజ్‌గోండులు దీపావళి వేళ దండారి ఆడతారు. నెమలి ఈకల టోపీ పెట్టి, బూడిద పూసుకున్న గుస్సాడీలు అది ముగిసేదాకా స్నానం చేయరు. అది దీక్ష. జట్టు పక్క ఊరికి వెళితే ఆ ఊరే అన్నం పెడుతుంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

"పిల్లల సరదాకు ఇంత రాద్ధాంతమా?" అనవచ్చు. కానీ మన మధ్యే సుగాలీ, ఎరుకల, యానాది పిల్లలు చదువుతున్నారు. వేదిక మీద మసి పూసుకున్న 'గిరిజనుడి'ని చూసి అందరూ నవ్వుతుంటే, ముందు వరుసలో కూర్చున్న ఆ తమ్ముడు ఏమైపోవాలి?

అవమానం మనకు కొత్తది కాదు. మన పెద్దలను చావుకూ జాతరకూ పిలిచి పలక కొట్టించుకుని, పని తీరాక ఎడంగా నిలబెట్టిన రోజులున్నాయి. ఇళ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన మేము అడుగుతున్నాం: మనల్ని చూసి నవ్విన లోకంలోకి వచ్చి, మనమూ నవ్వడానికి ఇంకొకరిని వెతుక్కోవాలా?

మన బి.కొత్తకోట పక్కనున్న హార్స్‌లీ హిల్స్‌కు ఆ కలెక్టరు దొర రాకముందు నుంచీ ఏనుగు మల్లమ్మ కొండ అనే పేరుంది. అడవి మనుషుల ఆటల పేర్లూ అలాగే మరుగున పడకూడదు.

అందుకే మా సూచన. వచ్చే వార్షికోత్సవంలో ఒక పూట వేదిక వదిలి మైదానంలోకి దిగుదాం. మన వాడల పలక కళాకారులను పిలిచి, కుర్చీ వేసి, శాలువా కప్పి, కూలి కాదు, పారితోషికం ఇద్దాం. కోలాటం, చెక్కభజన అందరం వలయంగా ఆడదాం. చూసేవాళ్లు వేరు, ఆడేవాళ్లు వేరు అనే గీత ఉండకూడదు. ధింసా ఆడాలనుకుంటే తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకుని, ఏ ఊరిదో, ఎవరిదో మైకులో చెప్పి మరీ ఆడదాం. గుస్సాడీ వేషం మాత్రం దీక్ష పట్టినవాళ్లకే వదిలేద్దాం.

మసిడబ్బాతో ఇక పని లేదు.