ఆ ఇంట్లో సవతులు లేరు

చైనాలోని షాన్సీ రాష్ట్రంలో చియావ్ వంశీకుల భవంతి పేరెత్తితే చాలామంది నోట ఒకటే మాట: నలుగురు భార్యల షావుకారు ఇల్లు, రాత్రికి ఏ భార్య వాకిట ఎర్ర లాంతరు వెలిగితే ఆమెదే అదృష్టం. చదువుకున్నవాళ్లు సైతం దీన్ని చరిత్రగా చెబుతున్నారు. ఇది చరిత్ర కాదు. 1991లో ఝాంగ్ యిమౌ తీసిన 'రైజ్ ది రెడ్ లాంటర్న్' సినిమా కథ.

పోనీ, ఆ కథైనా ఈ ఇంటిదా? కాదు. సూ టోంగ్ నవలిక దానికి మూలం. లాంతర్ల తంతు ఆ నవలికలోనూ లేదు, తెర కోసం కల్పించినది. షూటింగ్ ఇక్కడ జరిగిందని ఈ ఇంటివాళ్లకు ఆ పాపం అంటగడతామా?

అసలు అన్యాయం మరొకటి. భార్య ఉండగా మరొకతెను తేకూడదన్నది ఈ వంశం కట్టుబాట్లలో ప్రసిద్ధమైనది. జూదం, నల్లమందు, వేశ్యాగమనం, పనివాళ్లను హింసించడం కూడా నిషిద్ధమే. మరి ఈ వంశంవాడే అయిన చియావ్ ఝియోంగ్ ఆరు పెళ్లిళ్ల మాటేమిటంటారా? చేసుకున్నాడు, ఒకరు పోయాక ఒకరిని. నాటి సంపన్నుల ఇళ్లలో సవతుల నరకం లేదని నేననడం లేదు. ఈ ఇంటి మీద ఆ నింద మోపడానికి సాక్ష్యం ఏదీ అని అడుగుతున్నాను.

సినిమా కప్పేసిన కథ ఎంత పెద్దది! మూలపురుషుడు చియావ్ గుయిఫా దిక్కులేని పేదవాడు. 18వ శతాబ్దంలో మహాకుడ్యం దాటి బావ్‌తౌ చేరి, పశువుల దాణా, టోఫు, మొలకలు అమ్మి నిలదొక్కుకున్నాడు. మనవడు ఝియోంగ్ (1818-1907) కాలానికి దాదెతోంగ్, దాదెహెంగ్ అనే హుండీ కొట్లు వెలిశాయి. వెండిని బండ్లకెత్తి దొంగల పాలుచేయకుండా, ఇక్కడ కట్టిన సొమ్ముకు చీటీ రాసిస్తే ఇంకో ఊళ్లో చెల్లేది. నమ్మకస్తుడైన గుమాస్తాకు పెట్టుబడి లేకపోయినా, చాకిరీకే లాభంలో వాటా కట్టేవారు. ఈ ఏర్పాటు గురించి కదా మనం అబ్బురపడాలి!

ఎత్తైన గోడలు చూసి స్త్రీల చెరసాల అంటారు. మగవాళ్లు నెలల తరబడి దూరదేశంలో వ్యాపారం చేస్తుంటే, సొమ్మున్న ఇంటికి దొంగల భయం ఉండదా? 6 పెద్ద ప్రాంగణాలు, 20 చిన్న ప్రాంగణాలు, 313 గదులు ఒక్క మగవాడి విలాసానికి లేచినవి కావు. తరాలు పెరిగేకొద్దీ, రాబడి వచ్చినకొద్దీ, ఒక శతాబ్దానికి పైగా విడతలుగా కట్టినవి.

1986లో ఇది మ్యూజియమైంది. 2019లో చైనా ప్రభుత్వం దీని అత్యున్నత పర్యాటక హోదాను రద్దు చేసింది. చూపిన కారణాల్లో మితిమీరిన వ్యాపారం ఒకటి. తప్పంతా దుకాణదారులదేనా? లాంతర్లు చూడటానికే వచ్చి, హుండీ కొట్ల చరిత్ర ముందు ఒక్క నిమిషం నిలబడని మనకు అందులో వాటా లేదా?